తెల్లసీరమ్మ తలుపు

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. డిస్పెన్సరీలో మందులు నిలబడే ఇస్తాను, అన్నం గుమ్మంలో నిలబడే తింటాను. "ఈ గుంటకి కాళ్ళ కింద నిప్పులున్నాయి" అని మా అమ్మ దానమ్మ నా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. అలాంటిదాన్ని ఆ జూన్ నెలలో మూడు రోజులు ఎంత తిరిగానో నాకే లెక్క లేదు.

పన్నెండో తారీకు పొద్దున ఫాదర్ ఇన్నయ్య గారు ఫోన్ చేశారు. మా డిస్పెన్సరీలో పనిచేసి పోయిన సిస్టర్ లియోబా పునీతురాలు అవునో కాదో తేల్చడానికి బిషప్ గారు వేసిన విచారణకి ఆయనే పెద్ద. పద్నాలుగున మా పేటకి వస్తున్నామని, సాక్షుల్ని విని సమాధి కూడా చూసి సర్టిఫికెట్టు రాయాలని చెప్పి, చివర్లో అడిగారు.

"సమాధి దగ్గర పూజలూ గీజలూ ఏమీ లేవు కదా, దేవీ?"

"ఏమీ లేవు ఫాదర్" అన్నాను.

అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేసినందుకు నాకే ఆశ్చర్యం వేసింది. ఫోన్ పెట్టేసి డిస్పెన్సరీ చుట్టూ రెండుసార్లు తిరిగాను. బయట గాలి ఇసుకని లేపి కిటికీలకేసి కొడుతోంది. వేట నిషేధం ముగియడానికి ఇంకా రెండు రోజులుంది. అరవై రోజులుగా ఒడ్డున పడి ఉన్న మగాళ్ళు పనీపాటా లేక, పడవ ఇంజన్లు ఉత్తినే స్టార్ట్ చేసి చూసుకుంటున్నారు. ఆ చప్పుడు నా తలలోనే మోగుతున్నట్టుంది.

మా చర్చిలో ఒక నియమం ఉంది. ఎవరినైనా పునీతులని రోములో ప్రకటించేదాకా వాళ్ళకి బహిరంగంగా పూజ చేయకూడదు. సమాధి దగ్గర దీపాలు, మొక్కుబడులు, గుడి లాంటి కట్టడం కనిపిస్తే ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఎందుకంటే పునీతులని చెప్పాల్సింది రోములోని తల్లి తిరుసభ, ఊళ్ళో జనం కాదు. ఇది నాకు బాగా తెలుసు. నర్సింగు చదివే రోజుల్లో జ్ఞానస్నానం తీసుకున్నాను, మూడేళ్ళుగా ఈ విచారణ కోసం ఊరూరా తిరిగి సాక్ష్యాలు పోగుచేసిందాన్ని నేనే.

ఇక మా పేటలో సంగతి. కళింగపట్నం దాటాక సరుగుడు తోట పక్కన డిస్పెన్సరీ, దాని వెనకాల సిస్టర్ సమాధి. సిమెంటు దిమ్మ, మీద శిలువ. ఆ శిలువకి పసుపు రాసి, నడుమ రూపాయి కాసంత బొట్టు పెట్టారు. చుట్టూ ఉన్న ఇనప కమ్మీలకి వల దారాలతో వందల ముడులు. పడవకి ఒక ముడి, కడుపు పండాలని ఒక ముడి, మొగుడు తాగుడు మానాలని ఒక ముడి. పక్కన ఇత్తడి గంట. పైన మా బావ శివాజీ కట్టించిన కమాను, దాని మీద 'శ్రీ తెల్లసీరమ్మ తల్లి' అని ఎర్రక్షరాలు, మూల నల్లకళ్ళద్దాలతో శివాజీ ఫొటో. సిస్టర్ తెల్లచీర కట్టేది కాబట్టి ఆమె పేటకి తెల్లసీరమ్మ.

ఇదంతా తిత్లీ తుపాను ఏడాది మొదలైంది. చర్చి రేకులన్నీ ఎగిరిపోయి ఎక్కడో పొలాల్లో పడ్డాయి, సమాధి మీద శిలువ మాత్రం ఒరగలేదు. మర్నాడు పొద్దున మా అమ్మ దానికి పసుపు రాసింది. ఆ తర్వాత ఏడాది నుంచి సిస్టర్ పోయిన రోజున మా అమ్మకి పూనకం కూడా వస్తోంది. జుట్టు విరబోసుకుని, సిస్టర్ మాట్లాడే మలయాళం యాసలోనే, నీళ్ళు కాచుకుని తాగండి, విరేచనాలైతే ఉప్పూ పంచదారా కలిపి పట్టండి, బీపీ మాత్రలు మానకండి అని చెబుతుంది. సరిగ్గా అవే మాటలు నేను డిస్పెన్సరీలో ఏడాది పొడుగునా చెబుతాను. నేను చెబితే ఎవరూ వినరు. పూనకంలో చెబితే ముసలాళ్ళు కూడా వచ్చి వరస కట్టి మాత్రలు తీసుకుపోతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఇంకొకటి కూడా ఉంది. సమాధి ముందుకి ఎవరొచ్చినా ముందు వంగి, దిమ్మని వేళ్ళ కణుపులతో మూడుసార్లు తడతారు. ఆ తర్వాతే మొక్కు చెప్పుకుంటారు. సిస్టర్ బతికున్నప్పుడు సంచీ భుజాన వేసుకుని ఇంటింటికీ వెళ్ళి తలుపు అలాగే తట్టేది. మూడుసార్లు తట్టి నిలబడేది. తీసినా తీయకపోయినా నాలుగోసారి తట్టేది కాదు. సమాధిని తట్టడం కూడా మా అమ్మే మొదలుపెట్టింది. పాతకాలపు అలవాటు కాబోలు అనుకుని నేను పట్టించుకోలేదు.

సిస్టర్ పునీతురాలు కావాలని నాకంత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. అది చెప్పాలంటే మా అన్న గురించి చెప్పాలి.

మా అన్న పేరు గంగులు. నేను పుట్టడానికి ఏడాది ముందు, ఐదేళ్ళవాడు, జ్వరానికి సిస్టర్ వేసిన పెన్సిలిన్ సూది వికటించి చచ్చిపోయాడు. ఆ మందు వేసేముందు ముంజేతి చర్మంలోకి ఒక చుక్క ఎక్కించి, అరగంట ఆగి, ఎర్రగా పొంగలేదని చూసుకున్నాకే అసలు సూది వేయాలి. ఆ రోజు సిస్టర్ అలా చూడలేదు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. పదకొండేళ్ళప్పుడు పక్కింటి లక్ష్మణమ్మ చేపలు ఎండబోస్తూ అనేసింది. "నీ అన్న పేనం తీసినాది కదా, అందుకే నిన్ను సదివిస్తన్నాది."

నేనప్పటికి కాన్వెంటు స్కూల్లో ఆరో తరగతి. పేటలో ఏ ఆడపిల్లకీ దొరకని పుస్తకాలు, బూట్లు, హాస్టలు నాకే ఎందుకు దొరికాయో ఆ రోజు అర్థమైంది. చచ్చిపోయిన పిల్లాడికి బదులుగా చదివించిన పిల్లని నేను. ఆ తర్వాత ఏది సాధించినా అది నాదనిపించలేదు. నర్సునయ్యాను, అది వాడి చావు. జీతం వచ్చింది, అదీ వాడి చావే. సిస్టర్‌ని నేను ప్రేమించాను, పోయేముందు మూడు నెలలు నా చేతుల మీదుగా అన్నం తినిపించాను. ఒక్కసారి కూడా అడగలేకపోయాను, నన్ను ఎందుకు చదివించావని. ఆమె పునీతురాలని రోము ఒప్పుకుంటే సూది వేసిన ఆ చెయ్యి పొరపాటు చేసిన చెయ్యిగా మిగిలిపోదు, నేను ఎవరికో బదులుగా ఉండను. ఇదీ నా లెక్క. దీనికోసం మూడేళ్ళు బస్సుల్లో తిరిగాను.

సిస్టర్ రాసుకున్న రిజిస్టర్లు పది దొరికాయి. ఆమె తెలుగు రెండో తరగతి పిల్లల తెలుగు. శ్రీకూర్మం నుంచి వచ్చి కాన్వెంటులో తెలుగు చెప్పే చంద్రశేఖరం మాస్టారి దగ్గర నేర్చుకుంది. ఇంగ్లీషులో రాసుకోవచ్చు కదా అంటే, "మీ గురించి రాసింది మీరు చదవాలి" అనేది. తొమ్మిది రిజిస్టర్లు బిషప్ గారి ఆఫీసుకి పంపాను. పదోది తెరవగానే ఆగస్టు 1989 కనపడింది, మా అన్న పేరు కనపడింది. మొదటి రెండు వాక్యాలు చదివి మూసేశాను. పాత చీరలో చుట్టి మా ఇంట్లో బియ్యం డ్రమ్ము వెనక పెట్టాను. రెండేళ్ళు అయింది, మళ్ళీ తెరవలేదు.

పదమూడున పొద్దున్నే బకెట్టూ కొబ్బరి పీచూ పట్టుకుని సమాధి దగ్గరికి వెళ్ళాను. మా అమ్మ అప్పటికే అక్కడుంది. పదిహేనున పడవలు దిగుతాయి కదా, పళ్ళెంలో పసుపు కలుపుతోంది.

"అమ్మా, ఇదంతా ఈరోజే కడిగెయ్యాల."

"ఏటి?"

"పసుపు, దారాలు, గంట. అన్నీ తీసెయ్యాల. రేపు ఫాదర్లు వస్తారు."

"వస్తే రానీ. ఆళ్ళకీ బొట్టెడతాను."

"అమ్మా, నవ్వులాట కాదు. ఇక్కడ పూజ జరుగుతున్నాదని తెలిస్తే ఆమిని పునీతురాల్ని సెయ్యరు."

మా అమ్మ పసుపు కలపడం ఆపి నా మొహంలోకి చూసింది. "అదేటే? దండాలెడితే దేముడు కాకండా పోతాడేటి? మన గంగమ్మకి ముందు దండాలెట్టినారు, తరవాతే గుడి కట్టినారు."

"ఈళ్ళకి ముందు కాయితాలు, తరవాత దండాలు."

"మరైతే మన పడవలు ఆళ్ళ కాయితాలు అయ్యేదాకా సముద్రంల ఆగుతాయేటి?"

 జవాబు లేనప్పుడు నేను అరుస్తాను. అరిచాను. నా మూడేళ్ళ కష్టం నీ పసుపు వల్ల గంగలో కలుస్తోందన్నాను. నీ పూనకాల వల్ల ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నానన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. మా అమ్మ పళ్ళెం కింద పెట్టింది.

ఈలోగా శివాజీ నిచ్చెన తెచ్చాడు. కమాను దింపమని ముందురోజే వాడి ప్రాణం తీశాను.

"ఒసే దేవీ, ఎల్లుండి పడవ దిగాల. అరవై రోజులు ఒడ్డున కూకున్నోల్లం. ఈమికి సెప్పకండా ఎలాగ దిగుతామే?"

"నోటితో సెప్పుకో బావా. మజ్జిలో నీ ఫొటో ఎందుకు?"

"ఎవుడు కట్టించినాడో ఆమికి తెలవద్దేటి" అన్నాడు వాడు, నిజంగానే బాధపడుతూ. అయినా దింపాడు. ముఖం కిందకి ఉండేలా సరుగుడు చెట్ల మధ్య దాచి, మీద పాత వల కప్పాడు.

మా అమ్మ అడిగింది. "కడిగేస్తే ఆమి పేరు రోములో రాస్తారా?"

"రాస్తారు."

"ఒట్టు?"

"ఒట్టు" అన్నాను. ఆ వారంలో నేను చెప్పిన అబద్ధాల్లో అది ఎన్నోదో.

అప్పుడు మా అమ్మ నా చేతిలోంచి బకెట్టు తీసుకుంది. నన్ను ముట్టుకోనివ్వలేదు. పసుపు తనే కడిగింది. దారాల ముడులు కత్తిరించబోతే చెయ్యి పట్టుకుని ఆపి, ఒక్కొక్కటీ గోళ్ళతో విప్పింది. మధ్యాహ్నం దాటేదాకా ఎండలో కూర్చుని విప్పి, దారాలన్నీ చుట్టి బొడ్లో దోపుకుంది. సాయంత్రానికి సమాధి మామూలు సిమెంటు దిమ్మ అయింది. చూడ్డానికి చాలా బాగుంది, చాలా బావురుమంటూ కూడా ఉంది. నేను ఆ రోజంతా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

పద్నాలుగున ఫాదర్ ఇన్నయ్య గారు ఇంకో ఫాదర్‌ని వెంటబెట్టుకుని జీపులో వచ్చారు. సాక్ష్యాలు తెలుగులో రాయడానికి చంద్రశేఖరం మాస్టారిని కుదుర్చుకున్నారు. మాస్టారిది కూర్మనాథస్వామి గుడి సేవలో ఉన్న కుటుంబం. డెబ్బై దాటినా వేళ్ళు వణకవు, అక్షరం ముత్యంలా పడుతుంది.

మొదటి సాక్షిని నేనే. సువార్త పుస్తకం మీద చెయ్యి పెట్టించారు.

"సిస్టర్ లియోబా జీవితంలో పెద్ద తప్పు ఏదైనా జరిగినట్టు నీకు తెలుసా?"

"తెలియదు ఫాదర్."

"ఆమె సమాధి దగ్గర ఎవరైనా పూజలు చేస్తున్నారా?"

"లేదు ఫాదర్."

మాస్టారి కలం ఆగింది. ఆయన వారానికోసారి ఈ దారినే వస్తారు, ఆ గంట చప్పుడు వినని రోజు లేదు. కళ్ళద్దాల పైనుంచి నన్నొకసారి చూసి, నేను చెప్పింది చెప్పినట్టు రాశారు. కింద సంతకం పెట్టేటప్పుడు నా పేరు నేనే సరిగ్గా రాయలేకపోయాను.

తర్వాత అందరం సమాధి దగ్గరికి వెళ్ళాం. మా అమ్మ, లక్ష్మణమ్మ, ఇంకో పదిమంది ఆడవాళ్ళు, వెనకాల శివాజీ, వాడి పడవ వాళ్ళు. ఎవరూ నోరెత్తకూడదని ఒకటికి పదిసార్లు చెప్పి ఉంచాను. ఫాదర్ సమాధి చుట్టూ తిరిగి చూశారు, కమ్మీలు తడిమి చూశారు, రెండో ఫాదర్ ఫొటోలు తీశారు.

"శుభ్రంగా ఉంది" అన్నారు ఫాదర్ ఇన్నయ్య. "మాస్టారూ, రాసుకోండి. పూజకి సంబంధించిన గుర్తులేవీ లేవు."

నేను వెంటనే "ఇంక ఎల్దాం పదండి" అని ఆడవాళ్ళకి సైగ చేశాను.

వెళ్ళబోతూ మా అమ్మ సమాధి వైపు తిరిగింది. ఆమెకి ఆ ఆలోచన కూడా లేదు, ఇంట్లోంచి బయటికి వెళ్ళేటప్పుడు చెంగు సర్దుకున్నట్టు చేసింది. వంగి దిమ్మ మీద వేళ్ళతో తట్టింది. టక్, టక్, టక్. ఆమె తట్టగానే వెనకున్న లక్ష్మణమ్మ వంగింది. ఆవిడ వెనక ఇంకొకావిడ. నేను చూస్తుండగానే పదిమందీ వరసగా వచ్చి ఒకరి తర్వాత ఒకరు మూడేసి సార్లు తట్టారు. చివర్లో శివాజీ చెప్పులు విప్పి మరీ వచ్చి తట్టాడు.

ఫాదర్ ఇన్నయ్య కదలకుండా నిలబడి అందరూ అయ్యేదాకా చూశారు.

"ఇదేమిటమ్మా?" అన్నారు మా అమ్మతో.

"ఏం లేదు ఫాదర్, ఊరికే అలవాటు..." అని నేను అడ్డం వెళ్ళబోయాను.

"నువ్వుండే" అంది మా అమ్మ. "బాబు నన్నడుగుతన్నాడు."

"పూజ లాంటిదా ఇది?" ఆయన గొంతులో కోపం లేదు, తెలుసుకోవాలని అడుగుతున్నారు.

"పూజ వేరే ఉన్నాది బాబూ. పసుపు, గంట. నిన్ననే కడిగీసినాం."

"బోర్డు కూడా దించీసినాం" అన్నాడు శివాజీ, తన వంతు సాయంగా.

నేను సరుగుడు చెట్టు పట్టుకుని నిలబడ్డాను. మాస్టారు కాగితం తిరగేసి కొత్త పేజీ తీశారు.

"మరి ఈ తట్టడం?"

మా అమ్మ చెంగు నడుముకి బిగించుకుంది. "నాకో గుంటడుండీవోడు బాబూ, గంగులని. ఐదేళ్ళు. జ్వరమొస్తే ఈమి సూదేసినాది. కాసేపటికి నా ఒళ్ళోనే పోనాడు. జ్వరంతోనే పోనాడనుకున్నాం. మాకేటి తెలుసు? ఆ సాయంత్రం ఈమే వచ్చి, ఈది నడాన నిలబడి, అందరూ ఇనీలాగ సెప్పినాది. జ్వరం కాదు, నా సూది వల్ల పోనాడు, ముందు సెయ్యి మీద ఏసి సూడాల, నాను సూడనేదు అని. సెప్పకపోతే మాకు ఎప్పటికీ తెలవదు బాబూ. ఎవులికీ తెలవదు. మా మావ తెడ్డు తీసి ఈమి భుజమ్మీద కొట్టినాడు. కదల్నేదు."

గాలికి ఆమె ముంగురులు మొహం మీద పడుతున్నాయి, తోసుకోవడం లేదు.

"మరుసటేడు అదే రోజున వచ్చి నా తలుపు తట్టినాది. మూడుసార్లు. నాను తియ్యనేదు. ఆ తరవాతేడు మళ్ళీ వచ్చినాది. నాను తియ్యనేదు. నాలుగోసారి తట్టకండా ఎల్లిపోయీది. ఇప్పుడు తలుపు ఆమి ఏసుకున్నాది. నాను తడతన్నాను. ఈళ్ళందరూ నన్ను సూసి తడతన్నారు. అంతే బాబూ."

 తర్వాత ఫాదర్ నా వైపు తిరిగారు. "ఈ సంగతి మాకిచ్చిన కాగితాల్లో ఎక్కడా లేదే, దేవీ."

నేను ఇంటికి పరుగెత్తాను. ఇసుకలో చెప్పు తెగితే అక్కడే వదిలేశాను. నాకు సిగ్గుగా ఉంది, దానికంటే ఎక్కువ కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియడం లేదు. తను చెప్పకపోతే ఎప్పటికీ ఎవరికీ తెలియని తప్పుని సిస్టర్ వీధిలో నిలబడి చెప్పింది. నేను రెండేళ్ళు దాన్ని బియ్యం డ్రమ్ము వెనక దాచాను. అదే ఆమె మంచితనం అని నాకు తట్టలేదు, చదువు లేని మా అమ్మకి తెలుసు.

చీర చుట్ట విప్పకుండానే రిజిస్టరు తెచ్చి ఫాదర్ చేతిలో పెట్టాను. "పొద్దున పుస్తకం మీద చెయ్యి పెట్టి రెండు అబద్ధాలు చెప్పాను. ఇది నేను దాచింది."

ఆయన తెరిచి చూసి, ఆ చేతిరాత పోల్చుకోలేక మాస్టారికి ఇచ్చారు. ఆ అక్షరాలు దిద్దించింది ఆయనే కదా. మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని పైకి చదివారు.

"పదిహేడు, ఎనిమిది, ఎనభై తొమ్మిది. గంగులు, దానమ్మ కొడుకు, ఐదు సంవత్సరం. పెన్సిలిన్ ఇచ్చాను. టెస్ట్ చేయలేదు. చాలా మంది ఉన్నారు, తొందర పడ్డాను. తొందర సాకు కాదు. తప్పు నాది. వెళ్ళి చెప్పాలి."

నేను రెండు వాక్యాల దగ్గర ఆగిపోయిన పేజీ అది. కింద వేరే వేరే సిరాలతో ఇంకా రాసి ఉంది.

"తొంభై, పదిహేడు ఎనిమిది. తలుపు తట్టాను. తీయలేదు. తొంభై ఒకటి. తట్టాను. తీయలేదు. తొంభై రెండు. తీయలేదు. లోపల ఏడుపు వినబడింది. తొంభై మూడు. తీసింది. నీళ్ళు ఇచ్చింది."

"నీళ్ళు కాదు" అంది మా అమ్మ. "సోడి అంబలి. తప్పు రాసుకున్నాది."

మాస్టారు ఫాదర్ వైపు చూశారు. "సాక్షి చెప్పింది రాయండి" అన్నారు ఫాదర్. మాస్టారు రాశారు. తర్వాత పేజీ తిప్పారు.

"తొంభై ఐదు, నవంబరు మూడు. దానమ్మ కూతురిని ఎత్తుకుని వచ్చింది. దేవి, ఐదు సంవత్సరం. గొంతు వాపు, జ్వరం నూట నాలుగు. పెన్సిలిన్ కావాలి. నేను శ్రీకాకుళం పెద్దాసుపత్రికి చీటీ రాశాను. దానమ్మ చీటీ తీసుకోలేదు. నువ్వే వెయ్యి అంది. టెస్ట్ చేశాను. ఇద్దరం అరగంట చూశాము. తర్వాత ఇచ్చాను. పాప బాగుంది. వెళ్ళేటప్పుడు దానమ్మ అడిగింది, ఈ పిల్లకి అక్షరాలు చెబుతావా అని. నేను అడగడానికి ఎప్పుడూ ధైర్యం చేయలేదు. తనే అడిగింది."

 మాస్టారు రిజిస్టరు మూసి రెండు చేతులతో ఫాదర్‌కి ఇచ్చారు.

ఫాదర్ ఇన్నయ్య గారు జీపు ఎక్కేముందు నాతో చెప్పవలసింది చెప్పారు. పూజ జరిగిందని రాయక తప్పదని, నా సాక్ష్యం కొట్టేస్తారని, ఆ అబద్ధాలు ఫాదర్ ముందు పాపసంకీర్తనంలో వేరే ఒప్పుకోవాలని. ఫైలు ఇప్పట్లో కదలదని, బహుశా ఆయన బతికుండగా కదలదని. పసుపూ గంటా మళ్ళీ పెట్టొద్దని మా అమ్మతో అన్నారు. మా అమ్మ సరేనంది. "తట్టడం మాత్రం మాననండి బాబూ" అని కూడా అంది. ఆయన దానికి అవునూ అనలేదు, కాదూ అనలేదు. రిజిస్టరుని పెట్టెలో పెట్టకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

జీపు పోయింది. ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. శివాజీ పడవ వాళ్ళు రేపటికి ఐసు తెచ్చుకోవాలంటూ వెళ్ళారు. మా అమ్మ సమాధి పక్కన ఇసుకలో కూలబడి, బొడ్లోంచి దారాల చుట్ట తీసి చిక్కులు విప్పుతోంది.

నేను ఎదురుగా నిలబడ్డాను. ఇరవై మూడేళ్ళుగా లక్ష్మణమ్మ మాట మోసుకు తిరిగాను. సిస్టర్ నన్ను తీసుకోలేదు. మా అమ్మే నన్ను తీసుకెళ్ళి ఆ చేతుల్లో పెట్టింది.

"అమ్మా, పెద్దాసుపత్రి ఉన్నాది కదా. మళ్ళీ ఆమి దగ్గిరికే ఎందుకు తీసుకెళ్ళినావు?"

మా అమ్మ తలెత్తకుండానే అంది. "ఆ సూది గురించి ఆమికి తెలిసినంత ఇంకెవులికి తెలుస్తాది?"

"నాకేటైనా అయితే?"

"బయమేసినాది" అంది. "సచ్చేంత బయమేసినాది. ఇద్దరికీ."

నేను కూర్చున్నాను. ఎడమ చెయ్యి చాచి ఆమె ఒళ్ళో పెట్టి, "ఎక్కడ ఏసినాది?" అని అడిగాను.

మా అమ్మ దారాలు పక్కన పెట్టింది. నా ముంజేతి లోపలివైపు, మణికట్టుకి నాలుగు వేళ్ళ పైన, బొటనవేలు ఆనించింది. అక్కడ మచ్చ కూడా లేదు. అయినా వెతుక్కోకుండా పెట్టింది.

"ఇక్కడ. ఆమి ఆ పక్కన, నాను ఈ పక్కన. అరగంట సేపు నీ సెయ్యే సూసుకుంటా కూకున్నాం."

ఆమె వేలు తీయలేదు. నేనూ లేవలేదు.